బూచివాడికి అన్యాయం జరిగిందా?

నీలిమబ్బు:
2012లో వచ్చిన యానిమేషన్ సినిమా ‘రైజ్ ఆఫ్ ది గార్డియన్స్’ను మొన్న పిల్లలతో మళ్లీ చూశాను. చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో: క్రిస్మస్ తాత, ఈస్టర్ కుందేలు, ఊడిన పాలపళ్లు తీసుకెళ్లే దేవకన్య, మంచి కలలిచ్చే ఇసుక మనిషి, మంచు కురిపించే జాక్ ఫ్రాస్ట్ కలిసి పిచ్ అనే బూచివాడిని ఎదిరిస్తారు. పిల్లలు నమ్మినంతకాలమే వీళ్లకు బలం.

జాక్ మూడు వందల ఏళ్లు ఎవరికీ కనబడకుండా తిరిగాడు. పిల్లలు అతని ఒంట్లోంచే దూసుకుపోతుంటారు. పిచ్ బాధా అదే కదా! జాక్‌ను చంద్రుడు పిల్లల కాపలాదారుగా ఎన్నుకున్నాడు, పిచ్‌ను గోతిలోకి తోశారు. ఇది న్యాయమేనా?

పాతచదువరి:
ఆకలి ఇద్దరిదీ ఒకటే, తీర్చుకున్న దారులు వేరండి. పిచ్ కలల ఇసుకను పీడకలల గుర్రాలుగా మార్చాడు. చిన్ననాటి జ్ఞాపకాలు దాగి ఉన్న పాలపళ్లను దోచుకుపోయాడు. అంటార్కిటికాలో తనతో చేయి కలపమని జాక్‌ను అడిగాడు. జాక్ కాదనగానే, పళ్ల దేవకన్యకు సాయపడే బుల్లి దేవకన్యను అడ్డం పెట్టుకుని, జాక్ మంచు కురిపించే చేతికర్రను తీసుకున్నాడు, విరిచేశాడు. ఇక జాక్ ఏం చేశాడు? కిటికీ అద్దం మీద మంచుతో కుందేలు బొమ్మ గీశాడు. జేమీ అనే పిల్లవాడికి అలా కనబడ్డాడు.

గోడమీదపిల్లి:
పిచ్ సంగతి తర్వాత, అన్యాయం జరిగింది సినిమాకే! 14.5 కోట్ల డాలర్లతో తీస్తే 30 కోట్లు దాటి వసూలైంది, అయినా తీసిన డ్రీమ్‌వర్క్స్ సంస్థకు నష్టమే మిగిలింది.

ఇద్దరుపిల్లలఅమ్మ:
మా ఇళ్లలో ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్లం. అందుకే దేవకన్య ఎవరో, కుందేలు గుడ్లెందుకు దాస్తుందో మా పాపకు విడమరిచి చెప్పవలసి వచ్చింది. పిచ్‌ను మాత్రం చెప్పకుండానే గుర్తుపట్టింది. బూచివాడు వస్తాడంటే గబగబా నాలుగు ముద్దలు మింగినవాళ్లమే కదా మనమంతా!

నాకు ఒక చోట లెక్క కుదరలేదు. నిన్ను నమ్ముతాను కానీ నువ్వంటే భయం లేదు అంటాడు జేమీ. అద్భుతమైన మాట. తీరా చివర్లో ఆ పిల్లవాడే పిచ్ ఒంట్లోంచి పరుగెత్తిపోతాడు. నమ్మితే కనబడాలిగా?

పాతచదువరి:
పిచ్ విషయంలో నమ్మకమంటే భయమే అనుకుంటే సరిపోతుంది. భయం పోయింది, కనుక మాయమయ్యాడు.

ఇద్దరుపిల్లలఅమ్మ:
అది మీరిచ్చిన సమాధానం. సినిమా ఇవ్వలేదు.

నీలిమబ్బు:
ముగింపు మళ్లీ పెట్టుకుని చూశాను. పిచ్‌ను గోతిలోకి ఈడ్చుకెళ్లింది ఈ ఐదుగురూ కాదు, అతను సృష్టించిన గుర్రాలే. అతని భయాన్నే అవి పసిగట్టాయి. కాబట్టి ‘తోశారు’ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. అన్యాయమన్న మాట మాత్రం తీసుకోను.