జాన్సన్‌ని అమ్మారు కదా, మరి ఫారెస్ట్‌కి 4 పాయింట్లు ఎందుకు కోశారు?

అర్ధరాత్రి_మ్యాచ్:
పాత సీజన్లు తవ్వుతుంటే 2024 మార్చిలో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్‌కి పాయింట్లు కోసిన గొడవ కనపడింది. మూడేళ్ళలో ఇంతకు మించి నష్టపోకూడదని లీగ్ పెట్టిన లిమిట్ కంటే నష్టాలు 34.5 మిలియన్ పౌండ్లు ఎక్కువయ్యాయంట, సరే. కానీ వాళ్ళ ప్లేయర్ బ్రెన్నన్ జాన్సన్‌ని టోటెన్‌హామ్‌కి 47.5 మిలియన్‌కి అమ్మేశారుగా, దాంతో బొక్క పూడిపోవాలి కదా? ముందు బ్రెంట్‌ఫర్డ్ తక్కువ ఇస్తానంటే వద్దని ఆగి ఎక్కువ రేటుకి అమ్మారు, తెలివైన పనే కదా, దానికి శిక్ష ఏంటి అసలు?

పద్దుల_బాబాయ్:
చిక్కంతా తేదీ దగ్గరే తమ్ముడూ. ఆ లెక్కలు 2023 జూన్ 30తో క్లోజ్, జాన్సన్‌ని అమ్మింది సెప్టెంబర్ 1న, ప్లేయర్లని కొని అమ్మే విండోకి ఆఖరి రోజు. ఆ డబ్బు తర్వాతి ఏడాది పద్దులో పడుతుంది, దాన్నే వెనక్కి లాగి పాత ఏడాదికి కూడా చూపిస్తానంటే ఎవరొప్పుకుంటారు. రెండు నెలలు ఆగితే మంచి రేటు వచ్చింది చూడండి అని ఫారెస్ట్ చాలా వాదించింది, కేసు విచారించిన కమిషన్ వినలేదు, అప్పీల్ కూడా మే నెలలో కొట్టేశారు.
ఇంకోటి, జాన్సన్ వాళ్ళ సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడు, కొన్నది కాదు కాబట్టి పుస్తకాల్లో విలువ సున్నా, అమ్మితే వచ్చిందంతా లాభమే. అదే బయట 50కి కొని ఐదేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చారనుకో, ఏడాదికి 10 చొప్పున ఖర్చు రాస్తారు, రెండేళ్ళకి పుస్తకాల్లో ఇంకా 30 ఉంటుంది, 47కి అమ్మితే లాభం 17 మాత్రమే. డబ్బు అవసరం పడితే ప్రతి క్లబ్బూ సొంత పిల్లల మీదే పడేది ఇందుకే, నాకైతే ఈ రూల్‌లో నచ్చనిది అదే.

గుంటూరు_గన్నర్:
బాబాయ్ చెప్పింది కరెక్టే గానీ లిమిట్ సంగతి కూడా చూడండి. అప్పట్లో మూడేళ్ళకి 105 మిలియన్ అనేవారు, ఫారెస్ట్‌కి 61 మాత్రమే ఇచ్చారు, ఎందుకంటే అందులో రెండేళ్ళు కింది లీగ్ చాంపియన్‌షిప్‌లో ఉన్నారు, అక్కడ ఏడాదికి 13, పైన 35. 23 ఏళ్ళ తర్వాత పైకొచ్చిన టీమ్‌కి ప్లేయర్లు ఎక్కువ కావాలి, లిమిట్ మాత్రం తక్కువ!! ఎవర్టన్ క్లబ్‌కి 105 ఉండి కూడా 19.5 మిలియన్ దాటారు, ముందు 10 పాయింట్లు కోసి అప్పీల్‌లో 6 చేశారు, తర్వాత ఇంకో కేసులో మళ్ళీ 2. ఫారెస్ట్‌కి 6 దగ్గర మొదలెట్టి, తప్పు ఒప్పుకుని సహకరించారని 2 తగ్గించారు.

పద్దుల_బాబాయ్:
లిమిట్ తక్కువని తెలిసీ ఒక్క సమ్మర్‌లో 20 మందికి పైగా కొన్నారు కదయ్యా, సంతలో కూడా అలా కొనరు.

బ్లూమూన్_బాధితుడు:
మాంచెస్టర్ సిటీ మీద పెట్టిన 115 చార్జీల గురించి ఎవరూ మాట్లాడరేం 😂

గుంటూరు_గన్నర్:
దానికి వేరే థ్రెడ్ ఉంది బ్రో, ఇక్కడ మొదలెడితే తెల్లారుతుంది. అది వేరే రకం కేసు, స్పాన్సర్ల డబ్బు నిజంగా స్పాన్సర్లదేనా అన్న దగ్గర్నుంచి మొదలు, క్లబ్ అన్నీ అబద్ధమంటోంది. ఫారెస్ట్ ఒప్పేసుకుంది కాబట్టి త్వరగా తేలిపోయింది.

నక్కల_గుంపు:
అసలు మజా లెస్టర్ క్లబ్‌ది. వాళ్ళ మీదా ఇదే కేసు, కానీ 2023 జూన్ 30 నాటికి వాళ్ళు రెలిగేట్ అయిపోయి, అంటే కింది లీగ్‌కి పడిపోయి, ప్రీమియర్ లీగ్‌లో మెంబరే కాదు, మీకు మా మీద అధికారం లేదు అన్నారు, 2024 సెప్టెంబర్‌లో అప్పీల్ బోర్డ్ నిజమే అంది. ఫారెస్ట్‌ని ముంచిన తేదీయే వీళ్ళని ఒడ్డున పడేసింది.

అర్ధరాత్రి_మ్యాచ్:
ఓహ్ ఇప్పుడర్థమైంది, థ్యాంక్స్ బాబాయ్. ఇంతకీ ఆ సీజన్‌లో ఫారెస్ట్ రెలిగేట్ కాకుండా బతికిందా?

పద్దుల_బాబాయ్:
బతికింది, 4 పోయినా 32 పాయింట్లతో 17వ ప్లేస్, కింద లూటన్‌కి 26. ఆ సీజన్ అయ్యాక 2024 జూన్ చివర్లో న్యూకాజిల్‌కి ఇదే తిప్పలొచ్చి, గడువు ముంచుకొస్తుంటే అకాడమీ కుర్రాడు ఎలియట్ యాండర్సన్‌ని హడావిడిగా అమ్ముకున్నారు. కొన్నదెవరో తెలుసా, ఫారెస్టే.