అప్‌డేట్: హాలుకు మట్టి రంగు వేయించాం

విశాఖ లాసన్స్ బే కాలనీలోని మా ఫ్లాటు హాలుకు మట్టిని తలపించే గోధుమ రంగు వేయిస్తే చీకటిగా ఉంటుందా అని రెండు నెలల కిందట అడిగాను. నాలుగు గోడలకూ వద్దు, ఒక్క గోడకే వేయించండి, ముందు నమూనా చూసుకోండి అని చాలామంది చెప్పారు. ఆ మాటే విన్నాం.

గోడ మీద రెండడుగుల చదరాలు మూడు వేయించి నాలుగు రోజులు చూశాం. ఉదయం ముచ్చటగా కనిపించిన కాఫీ రంగు సాయంత్రానికి నల్లబడిపోయేది. ఎర్రటి ఛాయ ఉన్నది మాత్రం ఏ వేళ చూసినా భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లా వెచ్చగా ఉంది. అదే ఖాయం చేశాం. మిగతా గోడలకు మీగడ రంగు.

అసలు పని రంగు కంటే ముందే ఉంది. కిటికీ అంచు నుంచి వాన నీరు దిగి, కింద గోడ తెల్లటి ఉప్పు పొడిలా రాలుతోంది. పెయింటరు పాత పుట్టీ గీకి, పగులు పూడ్చి, గోడ పూర్తిగా ఆరేదాకా వారం ఆగమన్నారు. దయచేసి ఆ వారాన్ని ఎవరూ తగ్గించుకోవద్దు. ముదురు రంగు మీద ఉప్పు మరక ఇట్టే బయటపడుతుంది.

తెల్లటి ట్యూబులైటు వెలుగులో గోడ కళ తప్పింది. పసుపు ఛాయతో వెచ్చటి వెలుగునిచ్చే 3000 కెల్విన్ బల్బులు పెట్టాక ప్రాణం వచ్చింది. అమ్మ ఆ గోడ ముందు ఏటికొప్పాక లక్క బొమ్మలు పేర్చింది. వాటి పసుపు, ఎరుపు ఇంత అందంగా ఉంటాయని ఇన్నేళ్లూ గమనించనేలేదు. పడకగదికీ ఇదే రంగు కావాలంటోంది. నేను ఒప్పుకోలేదు, ఆ గదికి ఉన్నది ఒక్క చిన్న కిటికీ.