పెరట్లో పిట్ట పిల్లలు బొద్దుగా, జామాయిల్ తోటలో పీలగా. ఎందుకు?

గుణుపూర్ కరివేపాకు: మా పెరట్లో కరివేపాకు చెట్టు మీద పిగిలిపిట్ట గూడు, మూడు పిల్లలు. 10వ రోజుకే ఈకలొచ్చి గూటి అంచెక్కి కూర్చున్నాయి. ఊరి బయట జామాయిల్ తోట గట్టు మీద పొదలో ఇదే పిట్ట గూడు, అదే రోజు పిల్లలయ్యాయి. వాటికింకా ముళ్లలాంటి ఈక మొలకలే. ఒకటి చచ్చిపోయింది కూడా. చోటు వల్లేనా? అన్నం మెతుకులు పెట్టొచ్చా? గూటి దగ్గర కెమెరా పెడితే తల్లి వదిలేస్తుందా?

పర్లాకిమిడి పంతులు: మెతుకులు వద్దు బాబూ. పోయినేడు మా మనవరాలు కింద పడ్డ పిచ్చుక పిల్లకి పాలన్నం పెట్టింది. రెండు రోజుల్లో పోయింది. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకి పురుగులే పెడుతుందని తరవాత తెలిసింది.

రాయగడ రైతు: మళ్లీ జామాయిల్ మీద పడ్డారా? పత్తిలో మూడేళ్లు మునిగాక నాలుగెకరాలు వేశాను. పిట్ట పిల్ల బక్కచిక్కితే తప్పు నాదా?

జయపురం గూళ్ల అబ్బాయి: తప్పెవరిదని కాదన్నా. ఆ ఆకులో నూనె, ఘాటు. మన గొంగళిపురుగుల్లో చాలావాటికి అది తిండి కాదు. దగ్గర్లో పురుగు దొరక్కపోతే తల్లి దూరం పోవాలి, పిల్ల నోట్లో పడే ముద్దలు తగ్గుతాయి. పదిహేనేళ్లుగా గూళ్లు చూస్తున్నా, ఊరికే అనడం లేదు. యూరప్‌లోని కోర్సికా దీవిలో ఒకే జాతి టిట్ అనే చిన్న పిట్టలు ఆకు రాల్చే ఓక్ అడవిలో ముందు గుడ్లు పెడతాయి, ఎప్పుడూ పచ్చగా ఉండే ఓక్ అడవిలో దాదాపు నెల ఆలస్యంగా పెడతాయి. గొంగళ్లు ఎప్పుడొస్తే అప్పుడే కాపురం.

రాయగడ రైతు: కోర్సికా ఎక్కడ, కాశీపూర్ ఎక్కడ! నా పక్క పత్తి చేలో మందు కొట్టిన రోజు పురుగు మిగులుతుందా? నా జామాయిల్‌కి మందే కొట్టను. ఆ లెక్క కూడా చెప్పండి సార్.

జయపురం గూళ్ల అబ్బాయి: పత్తి సంగతి ఒప్పుకుంటా. మరి మీ చెట్ల కింద గడ్డి చూపించండి, గడ్డి లేకపోతే పురుగెక్కడిది?

రాయగడ రైతు: వానాకాలం రండి, చూపిస్తా. భోజనం కూడా పెడతా, పదిహేనేళ్ల అనుభవం తిందురుగాని.

బరంపురం అత్త: బొద్దు పిల్లల్ని చూసి మురవకండి. మా ఇంట్లో అలాంటివే మూడు, తెల్లారేసరికి పిల్లి నాకేసింది. జామాయిల్ తోటలో పిల్లి ఉంటుందా?

పర్లాకిమిడి పంతులు: పిల్లిని పెంచేవాళ్లనే అడగాలమ్మా.

బరంపురం అత్త: మాది కాదండీ! పక్కింటిది!

గుణుపూర్ కరివేపాకు: కాస్త ఆగండి. ఇవాళ పొద్దున్న తోటలో ఒక పిల్ల పొద కింద నేల మీద ఉంది. తోక ఇంకా పొట్టే, ఎగరలేదు. తల్లి పైన గోల పెడుతోంది. ఇంటికి తెచ్చి పెంచనా?

జయపురం గూళ్ల అబ్బాయి: తేవద్దు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అంతకన్నా ముందు తల్లి ఉంది. చేత్తో తీసి పొదలో పెట్టి దూరంగా వెళ్లిపోండి.

పర్లాకిమిడి పంతులు: చెయ్యి తగిలితే తల్లి ముట్టదు కదా?

జయపురం గూళ్ల అబ్బాయి: ఉత్తమాటండీ. మనిషి వాసనకి పిల్లల్ని వదిలేసే పిట్టని నేనైతే చూడలేదు.

పర్లాకిమిడి పంతులు: మా నాన్నగారు చెప్పిన మాట ఉత్తమాటా?

గుణుపూర్ కరివేపాకు: పొదలో పెట్టి గట్టు చాటున కూర్చున్నా. ఇరవై నిమిషాలకి తల్లి మిడతని కాళ్లతో సహా తెచ్చి నోట్లో కుక్కింది. సరే, కెమెరా సంగతి ఎవరూ చెప్పలేదు.