ఆర్నెల్లుగా దద్దుర్లు, కారణం తెలియడం లేదు. ఇంకెవరికైనా ఇలా ఉందా?

తెల్లకలువ:
వారంలో మూడు నాలుగు రోజులు ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయి. ఎక్కువగా రాత్రి పది దాటాకే. ముందు నడుము దగ్గర, బట్ట బిగుతుగా ఉండే చోట చురుక్కుమంటుంది. పది నిమిషాల్లో ఎర్రగా ఉబ్బి, పక్కపక్కవి కలిసిపోయి అరచేయంత అవుతాయి. తెల్లారేసరికి ఆనవాలు కూడా ఉండదు, ఇక డాక్టర్‌కి ఏం చూపించను? రక్తపరీక్షలన్నీ నార్మల్. సబ్బు మార్చాను. తిండిలో ఒక్కొక్కటీ మానేస్తూ వచ్చి నీరసపడ్డాను. "అంతా నీ టెన్షన్ వల్లే" అని ఇంట్లో అంటుంటే ఏడుపొస్తోంది.

గోరువెచ్చన:
నాకు మూడేళ్ళ కిందట మొదలైందండీ. ముందు ఒక పని చేయండి. దద్దురు లేవగానే దాని చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కనే టైం రాసి ఫోటో తీయండి. ఒక్కో దద్దురు 24 గంటల్లోపు మాయమైపోయి, ఇంకోచోట కొత్తది లేస్తుంటే అది సాధారణంగా అర్టికేరియానే, అంటే వచ్చిపోయే దద్దుర్ల జబ్బు. అలా కాకుండా ఒకేచోట రోజు దాటి ఉండి, దురద కన్నా మంట, నొప్పి ఎక్కువై, పోయాక కమిలినట్టు మచ్చ మిగిలితే రక్తనాళాల్లో వాపు ఉందేమోనని చిన్న చర్మం ముక్క తీసి పరీక్షిస్తారు. నా విషయంలో నాలుగు గంటల్లో దద్దురు పోయి గీత ఒక్కటే మిగిలింది. ముందు, తర్వాత తీసిన ఆ రెండు ఫోటోలు చూశాకే డాక్టర్ నాతో స్థిమితంగా మాట్లాడారు.

ఆరు వారాలు దాటితే దీర్ఘకాలికం అంటారు. అలాంటి వాటిలో చాలావాటికి బయటి కారణమేదీ దొరకదు. చర్మంలో ఉండే మాస్ట్ కణాలు దురద, వాపు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతుంటాయి, చాలామందిలో మన రోగనిరోధక వ్యవస్థే వాటిని రెచ్చగొడుతుంది. టెన్షన్ దీన్ని పెంచవచ్చు గానీ, అంతా దానివల్లే అనడం అన్యాయం. మీ తప్పేమీ లేదు. తిండి మాత్రం మానకండి.

రాత్రిడ్యూటీ:
దద్దుర్లు లేచిన రోజే అలర్జీ మాత్ర (హిస్టమిన్‌ని అడ్డుకునేది) వేసుకోవడం నేను ఏడాదిపాటు చేసిన తప్పు. తరచూ వచ్చేవాళ్ళు రోజూ వేసుకోవాలట. సెటిరిజిన్‌తో నాకు మత్తుగా ఉండేది, ఫెక్సోఫెనడిన్‌కి మార్చారు. సరిపోకపోతే మోతాదు నాలుగు రెట్ల దాకా పెంచుతారు, అది డాక్టర్ చెప్తేనే, సొంతంగా వద్దు. దానికీ లొంగకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్, 4 వారాలకోసారి 300 మిల్లీగ్రాములు. నాకు మూడోది పడ్డాక రాత్రంతా నిద్రపట్టింది.

ఇంకోటి, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కొందరికి దీన్ని పెంచుతాయి. నాకు తలనొప్పి మాత్ర వేసుకున్న రోజే ఒళ్ళంతా లేచేవి. ఆ సంగతి పట్టుకోవడానికి ఎన్ని నెలలు పట్టిందో!

పాతగుండీ:
నా దద్దు వేరే రకం. బొడ్డు కింద రూపాయంత మేర, వారాల తరబడి పొలుసులు, పగుళ్ళు, రసి. చర్మానికి ఏది తగిలితే పడదో తెలుసుకోవడానికి వీపు మీద పట్టీలు అంటించి ప్యాచ్ టెస్ట్ చేశారు. 48 గంటలు తడపకూడదు, తీశాక మళ్ళీ రెండు రోజులకి చూస్తారు. నికెల్ అనే లోహం పడదని తేలింది. అంటే ప్యాంటు గుండీ! లోపల గుడ్డ కుట్టుకున్నాక తగ్గింది. తెల్లకలువ గారూ, వచ్చిపోయే దద్దుర్లకి ఈ టెస్ట్ పనికిరాదు, దాని కోసం డబ్బు పెట్టకండి. అలాగే ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ రాసుకోవద్దు. అది నిజానికి ఫంగస్ వల్ల వచ్చే తామరైతే పైకి తగ్గినట్టు కనిపించి లోపల పాకిపోతుంది.

నీలిగడప:
పెదవులు, నాలుక వాచినా, గొంతు బిగిసినా, ఊపిరి అందకపోయినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. మా చెల్లికి పెదవి వాపుతోనే మొదలైంది.

తెల్లకలువ:
అందరికీ దండాలు. నిన్న రాత్రి 10:40కి తొడ మీద గీత గీశాను. పొద్దున 5కి లేచి చూస్తే గీత ఉంది, లోపల చర్మం మామూలుగా ఉంది. ఆర్నెల్లలో మొదటిసారి నా చేతిలో ఒక రుజువు ఉన్నట్టనిపించింది. గురువారం ఫోటోలు పట్టుకెళ్తున్నాను. గోరువెచ్చన గారూ, మీకు పూర్తిగా తగ్గిందా?

గోరువెచ్చన:
రెండో ఏడాది చివర్లో వరుసగా మూడు నెలలు ఒక్కటీ రాలేదు. అప్పుడు డాక్టర్ మాత్రలు మెల్లగా తగ్గించారు. ఇప్పటికీ ఎప్పుడైనా మోచేతి దగ్గర ఒకటి రెండు లేస్తాయి, గంటలో పోతాయి. గురువారం ఏమన్నారో తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.