అశ్వగంధ, పల్లేరు గుళికలతో పరుగులో దమ్ము పెరుగుతుందా?

ప్రశ్న: నల్లగొండ అభ్యర్థి
నమస్కారం. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్ష కోసం ఉదయం ఎన్‌జీ కాలేజీ మైదానంలో పరుగు, సాయంత్రం జిమ్‌లో బరువుల సాధన చేస్తున్నాను. 2022 నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. చివరి రౌండు వచ్చేసరికి కాళ్లు బరువెక్కి వెనకబడిపోతున్నాను. అశ్వగంధ, పల్లేరు, శిలాజిత్తు కలిపిన గుళికలు వాడితే టెస్టోస్టిరాన్ పెరిగి దమ్ము నిలుస్తుందని జిమ్‌లో చెప్పి ఒక డబ్బా ఇచ్చారు. ఏది ఎంత ఉందో దానిపై రాయలేదు. నేను థైరాయిడ్ తక్కువగా ఉన్నందుకు రోజూ మాత్ర వేసుకుంటాను. ఇవి వాడవచ్చా?

మిర్యాలగూడ ఫార్మసిస్టు
వాటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. అశ్వగంధకు కొంత ఆధారం ఉంది: 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బరువుల సాధనలో పెద్దగా అనుభవం లేని 57 మంది పురుషుల్లో ఒక జట్టుకు 300 మిల్లీగ్రాముల వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున 8 వారాలు ఇవ్వగా, మందు లేని మాత్ర వేసుకున్నవారికంటే వారి కండబలం, టెస్టోస్టిరాన్ ఎక్కువగా పెరిగాయి. అయితే అది చిన్న అధ్యయనం, పైగా అందులో కొలిచింది బరువులెత్తే శక్తినే కానీ 1600 మీటర్ల పరుగును కాదు. పల్లేరుకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు. 2007లో ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాళ్లకు రోజుకు 450 మిల్లీగ్రాముల సారాన్ని 5 వారాలు ఇచ్చి చూస్తే, బలంలో గానీ కండలో గానీ తేడా కనిపించలేదు. మన చెలకల్లో కాళ్లకు గుచ్చుకునే పల్లేరుకు డబ్బాలోకి చేరగానే అంత ధర ఎందుకో నాకు అంతుబట్టదు.

మీకు అసలు చిక్కు థైరాయిడ్ మాత్రతోనే. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు కనుక, రెండూ కలిస్తే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి రావచ్చు. ఆ దడ పరుగు వల్లే వచ్చిందనుకుని మీరు పట్టించుకోకపోయే ప్రమాదమూ ఉంది.

నాగర్‌కర్నూల్ వ్యాయామ ఉపాధ్యాయుడు
మా ఇంట్లో పెద్దలు పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ వేరు పొడిని పాలలో కలుపుకొని తాగేవారు, నిద్ర బాగా పడుతుందనేవారు. మూలికలన్నీ దండగ అని నేను అనను. కానీ తమ్ముడూ, థైరాయిడ్ మాత్ర మోతాదు చాలకపోయినా, రక్తం తక్కువగా ఉన్నా, చివరి రౌండులో ఇలాగే కాళ్లు బరువెక్కుతాయి. ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష), హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఆ తరువాత 400 మీటర్ల రౌండ్లను వేగంగా, మధ్య మధ్య నడకతో సాధన చేయండి.

మిర్యాలగూడ ఫార్మసిస్టు
పొడి అయినా డాక్టరుకు చెప్పే వాడాలి సార్. అశ్వగంధ వాడినవారిలో కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన సంఘటనలు, అరుదుగానే అయినా, వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. మొత్తాలు రాయని డబ్బా అంటే నాకు మరింత అనుమానం. పురుషశక్తి పేరుతో అమ్మే ‘సహజ’ గుళికల్లో చెప్పకుండా కలిపిన సిల్డెనాఫిల్‌ను (అంగస్తంభన సమస్యకు వాడే మందు) అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే పట్టుకుంది. గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడేవారు దాన్ని మింగితే బీపీ ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. ఆ డబ్బాను ఇంట్లో పెద్దవారికి ఇవ్వకండి.

నల్లగొండ అభ్యర్థి
సీలు విప్పలేదు, తిరిగి ఇచ్చేస్తాను. రేపు రక్తపరీక్ష చేయించుకుంటాను. ఉపాధ్యాయుల వారూ, ఆ రౌండ్లు వారానికి ఎన్నిసార్లు వేయాలి?

నాగర్‌కర్నూల్ వ్యాయామ ఉపాధ్యాయుడు
రెండుసార్లు చాలు, వరుస రోజుల్లో వద్దు. టీఎస్‌హెచ్ తేడాగా వస్తే మోతాదు సరిచేసేవరకు నెమ్మదిగానే పరుగెత్తండి.