ఆదివారం ఆరాధన అయ్యాక మిగతా రోజు ఎవరిది? సంఘానిదా, ఇంటిదా?

ఉప్పల్ నాన్న:

అందరికీ వందనాలు. మా సంఘంలో వచ్చే నెల నుంచి ఆదివారం సాయంత్రం ఇంకో కూటం పెడదామంటున్నారు. నేను వద్దన్నాను. పెద్దలు కొందరికి కోపం వచ్చింది. మీరేమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను.

హైదరాబాద్‌లో మనలాంటి ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. నాది రాయదుర్గం వైపు ఆఫీసు, మా ఆవిడది బ్యాంకు ఉద్యోగం. నేను ఇల్లు చేరేసరికి చిన్నది నిద్రపోయి ఉంటుంది. శనివారం పెద్దవాడికి క్లాసులు, మాకు సరుకులు, బట్టలు, బిల్లులు. మిగిలేది ఆదివారమే. అదెలా గడుస్తుందంటే, పొద్దున సండే స్కూల్, తర్వాత ఆరాధన, అది అయ్యాక క్వాయర్ ప్రాక్టీసు, మధ్యాహ్నం యవనస్థుల కూటం, సాయంత్రం ఎవరింట్లోనో గృహకూటం. శుక్రవారం ఉపవాస ప్రార్థన సరేసరి.

ఆరాధన మానేద్దామని నేను అనడం లేదు. వాక్యం, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం) అయ్యాక మిగతా రోజు ఇంటికి వదిలేయాలి అంటున్నాను. నిర్గమకాండం 20వ అధ్యాయంలో విశ్రాంతి దినం ఆజ్ఞ చదవండి. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ పనివాళ్లు, చివరికి నీ పశువులు కూడా ఆ రోజు పని ఆపాలని ఉంది. అంటే ఇల్లంతా ఒకేసారి ఆగాలి. మా ఇంట్లో ఆదివారం ఎవరూ ఆగడం లేదు. అందరికంటే ఎక్కువ నలిగేది మా ఆవిడ. తెల్లారకముందే లేచి వంట, పిల్లల్ని తయారు చేయడం, చర్చిలో స్త్రీల మైత్రి (ఆడవాళ్ల సమాజం) పనులు, ఇంటికొచ్చాక మళ్లీ స్టవ్ దగ్గరే.

ద్వితీయోపదేశకాండం 6:7 కూడా చూడండి. దేవుని మాటలు పిల్లలకు ఎప్పుడు చెప్పాలంటే ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అమ్మానాన్నలు పక్కన ఉంటేనే ఇది కుదురుతుంది. సండే స్కూల్ టీచర్ కథ చెప్తారు. ఆ కథ విని మా బాబుకి ఏ అనుమానం వచ్చిందో అడగాల్సింది నేను. దానికి ఆదివారం కూడా తీరిక లేకపోతే ఇంకెప్పుడు?

లాలాగూడ రిటైర్డ్ రైల్వే:

బాబూ, నీ బాధ అర్థమైంది. కానీ ఒప్పుకోలేను. సమాజంగా కూడడం మానొద్దని హెబ్రీ పత్రిక 10:25లో ఉంది. ప్రభువు తిరిగి వచ్చే దినం సమీపించే కొద్దీ ఇంకా ఎక్కువగా కూడుకోమంది, తక్కువగా కాదు.

మా చిన్నప్పుడు గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోనుకు వెళ్లేవాళ్లం. 1950లో సువార్తికుడు బ్రదర్ భక్త్ సింగ్ గారు ప్రారంభించిన ఆరాధన స్థలం అది. ఆరాధన గంటల తరబడి సాగేది. చాపల మీద కూర్చునేవాళ్లం. అయ్యాక అందరికీ ప్రేమ విందు. అన్నం, పప్పు, కూర, అందరం ఒకే బంతిలో. రైల్వే క్లర్కు, రిక్షా తొక్కే అన్న, డాక్టరు గారు పక్కపక్కనే. మా అమ్మకు ఆ పూట వంట ఉండేది కాదు. ఇప్పటికీ నాకు కుటుంబం అనగానే ఆ చాపలే గుర్తొస్తాయి. నీ భార్యకు విశ్రాంతి కావాలంటే కూటం తీసేయనక్కర్లేదు, చర్చిలో భోజనం పెట్టించు.

ఇంకో మాట. పన్నెండింటికి చర్చి వదిలేస్తే మీరంతా ఇంట్లో కూర్చుని వాక్యం మాట్లాడుకుంటారా? నేను చూసేది వేరు. ఒకరు ఫోన్‌లో, ఒకరు టీవీ ముందు, ఇంకొకరు మాల్‌లో. ఆ ఖాళీని ముందు లోకమే నింపుతుంది. తండ్రినిగానీ తల్లినిగానీ నాకంటే ఎక్కువగా ప్రేమించేవాడు నాకు పాత్రుడు కాడని ప్రభువే చెప్పాడు, మత్తయి 10:37.

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే పిల్లల సంగతీ ఆలోచించు. కోచింగ్ కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం వాళ్లకు వెళ్లడానికి ఇల్లు ఎక్కడుంది? సంఘమే కదా.

పాస్టర్ గారి అమ్మాయి:

అంకుల్, ప్రేమ విందు గురించి మీరు రాసింది చదివి సంతోషం వేసింది. కానీ ఆ చాపల మీద కూడా ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపే కదా. మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఇప్పటికీ అంతే. పిల్లలు సండే స్కూల్ గదిలో, నాన్న కానుకల లెక్క దగ్గర, అమ్మ ఇంకో వరుసలో. ఒకే కాంపౌండ్‌లో రోజంతా ఉన్నా ఇంటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేది తిరుగు ప్రయాణంలోనే.

మా నాన్నగారిది చిన్న సంఘం. అన్నం తినేటప్పుడు ఫోన్ మోగితే లేచి వెళ్లేవారు. ఆయన్ని తప్పుపట్టను. ఆ ఫోన్ అవతల నిజంగా ఏడుస్తున్నవాళ్లు ఉండేవారు. నా ప్రశ్న సంఘానికి. తన ఇంటిని ఏలలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని 1 తిమోతి 3:5 చూపించి పాస్టర్‌ను నిలదీస్తాం. కొడుకులు చెడిపోతుంటే అదుపు చేయని యాజకుడు ఏలీ కథ చెప్పి భయపెడతాం. ఇల్లు చూసుకోవడానికి ఆయనకు ఒక్క సాయంత్రమైనా వదులుతున్నామా? కొత్త కూటం పెట్టే ముందు, సోమవారం అత్యవసరమైతే తప్ప పాస్టర్ గారికి ఫోన్ చేయకూడదని తీర్మానం చేయండి.

డ్యూటీ నర్సు:

ఆఫీసు ఉద్యోగాలవాళ్లు మాట్లాడుకుంటున్నారు, బాగుంది. మాకు రోస్టర్ ఉంటుంది. ఆదివారం నైట్ పడితే నైటే. ఆరాధనకు వెళ్లలేదని జాలిగా చూస్తే బాధేస్తుంది. మా ఇంట్లో క్యాబ్ వచ్చే ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక పాట, ఒక కీర్తన, పిల్లలు తలా ఒక మాట. అది తప్పనివ్వను. సంఘాలు దీని గురించి నేర్పితే ఇంకో కూటం కంటే ఎక్కువ మేలు.

సికింద్రాబాద్ కతోలిక:

మా పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారం బాధ్యత తీరినట్టే. 1983 నాటి మా సంఘ చట్టంలోనే ఉంది. మనసుకూ శరీరానికీ విశ్రాంతి లేకుండా చేసే పనులు ఆదివారం మానాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి విశ్రాంతిని మేము భక్తికి పోటీగా చూడం.

మియాపూర్ చెల్లి:

నా పరిస్థితి వేరు. మా వారు హిందువు. నన్ను చర్చికి వెళ్లొద్దని ఒక్కసారీ అనలేదు. పాపను తీసుకెళ్తానన్నా సరే అన్నారు. కానీ ఆయనకూ సెలవు ఆదివారమే. నేను పొద్దున వెళ్లి సాయంత్రం వస్తే ఆయన ఆ రోజంతా ఒంటరిగా ఉంటారు. సంఘంలో ఒక ఆంటీ, ఆయన కోసమే ఇంకా ఎక్కువ కూటాలకు రావాలి అన్నారు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ 1 పేతురు 3:1 ఏం చెప్తోంది? వాక్యానికి లోబడని భర్త, మాటలతో కాకుండా భార్య నడవడి చూసి మారవచ్చని. నా నడవడి ఆయన చూడాలంటే నేను ఇంట్లో ఉండాలి కదా!

ఇప్పుడు తెల్లవారి మొదటి ఆరాధనకు వెళ్తున్నాను. టిఫిన్ టైముకి ఇంట్లో ఉంటాను. తర్వాత ముగ్గురం ఎక్కడికైనా వెళ్తాం, లేదా అత్తయ్య వాళ్లింటికి. మొన్న ఆయనే, మీ పాస్టర్ గారు ఏం చెప్పారు ఇవాళ అని అడిగారు. నేను కూటాల్లోనే ఉండిపోతే ఆ ప్రశ్న వచ్చేదా?

ఉప్పల్ నాన్న:

చెల్లీ, నీ మాట మా పెద్దల ముందు చదివి వినిపించాలని ఉంది. నీకు ఇష్టమైతేనే.

అంకుల్, మత్తయి 10:37 నేను నమ్ముతాను. ప్రభువుకూ ఇంటికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే ప్రభువే. కానీ ఇక్కడ పోటీ ప్రభువుకీ ఇంటికీ కాదు. నాలుగో కూటానికీ ఇంటికీ. మార్కు 7లో అదే ప్రభువు ఎవరిని గద్దించాడు? తల్లిదండ్రులకు చేయాల్సింది దేవునికి ఇచ్చేశాం అని చెప్పి తప్పుకున్నవాళ్లను. ఇంటివాళ్లకు రావాల్సినదాన్ని తీసి దేవుని పేరు మీద వేస్తే ఆయన పుచ్చుకోడు. 1 తిమోతి 5:8 ఇంకా గట్టిగా ఉంది. తన ఇంటివారిని పట్టించుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడట.

ఫోన్ల గురించి మీరన్నది నిజం. ఖాళీ ఇస్తే చాలదు. అందుకే మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. భోజనం నుంచి సాయంత్రం టీ దాకా ఫోన్లన్నీ బీరువాలో. మొదట్లో పెద్దవాడు అలిగాడు. ఇప్పుడు క్యారమ్ బోర్డు వాడే తీస్తున్నాడు.

హాస్టల్ పిల్లల సంగతికి మాత్రం నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. రాత్రంతా ఆలోచించాను. వాళ్లకు కావాల్సింది ఇంకో కూటం కాదు, ఒక ఇల్లు అనిపిస్తోంది. మా సంఘంలో ప్రతి కుటుంబం ఆదివారం మధ్యాహ్నం ఇద్దరిని భోజనానికి తీసుకెళ్తే ఎలా ఉంటుంది? మా ఆవిడను అడిగితే, సరే, కూరగాయలు నువ్వు తరుగు, అంట్లు పిల్లలు తోమాలి అంది. రెండూ ఒప్పుకున్నాం.

లాలాగూడ రిటైర్డ్ రైల్వే:

ఇది బాగుంది బాబూ. దీనికి నేను అడ్డం చెప్పను. మేమిద్దరమే ఉంటున్నాం, పిల్లలు అమెరికాలో. నలుగురిని పంపినా పర్వాలేదు, మీ ఆంటీకి సందడి ఇష్టం. కొత్త కూటం వద్దంటావా, సరే, దాని మీద నీతో వాదించను. గృహకూటం తీసేద్దామంటే మాత్రం ఒప్పుకోను. మంచంలో ఉన్న మా వదినకు సంఘమంటే నెలకోసారి ఇంటికొచ్చే ఆ కూటమే. దాన్ని శనివారానికి మార్చుకోండి, మానకండి.

పాస్టర్ గారి అమ్మాయి:

అంకుల్, సోమవారం ఫోన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం వదలను.