ఎనిమిది వారాలుగా బరువు కదలడం లేదు. పథ్యం మీద మనసు నిలుపుకోవడం ఎలా?

చంపావతి (విజయనగరం):

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్ళు, ఎత్తు 158 సెంటీమీటర్లు, విజయనగరంలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. జూలైలో చేయించుకున్న రక్తపరీక్షలో, సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. ఇది ఇంకా చక్కెర వ్యాధి కాదు కాని దాని గుమ్మం దాకా వచ్చారని, మందులు మొదలుపెట్టే ముందు బరువు తగ్గి చూడమని డాక్టరుగారు అన్నారు. మా అమ్మ ఏళ్ళ తరబడి ఇన్సులిన్ సూదులు పొడుచుకోవడం కళ్ళారా చూసినదాన్ని కనుక ఆ మాట నాలో గట్టిగా నాటుకుంది.

అప్పటి నుంచి 11 వారాలుగా ఉదయం చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం క్యారియర్‌లో ఒక కప్పు అన్నం, పప్పు, కూర, రాత్రి రెండు పుల్కాలు తింటున్నాను. టీలో పంచదార పూర్తిగా మానేశాను. తెల్లవారకముందే లేచి అయ్యకోనేరు గట్టు మీద 40 నిమిషాలు నడుస్తున్నాను. మొదటి మూడు వారాల్లో 78.4 కిలోల నుంచి 75.8కి దిగాను. ఆ తరువాత ఎనిమిది వారాలుగా అంకె 75.3కు, 76.4కు మధ్యనే తిరుగుతోంది. మొన్న మా ఊరి పైడితల్లమ్మ పండుగ సిరిమానోత్సవానికి చుట్టాలు వచ్చారు, వాళ్ళతో పాటు కూర్చుని పులిహోర, గారెలు తిన్నాను. మరునాడు వెయింగ్ మిషన్ 77.1 చూపించింది. దాని మీద నిలబడే ఏడ్చేశాను. మావారు ప్రేమతోనే అయినా, "ఇంత కష్టపడి ఏం లాభం, కడుపునిండా తినరాదా?" అంటుంటే నాకూ అదే నిజమనిపిస్తోంది. ఈ దశ దాటినవారు ఎవరైనా ఉంటే, ఎలా నిలబడ్డారో చెప్పండి.

వంశధార (నరసన్నపేట):

చెల్లెమ్మా, నేను విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుణ్ణి. సరిగ్గా మీరున్న చోటే రెండుసార్లు ఆగిపోయి, మూడోసారి ముందుకు వెళ్ళగలిగాను. మొదటి రెండుసార్లూ నాకు లోపించినది పట్టుదల కాదు, ఆ యంత్రం దేన్ని తూస్తోందో తెలియకపోవడమే లోపం.

మన కాలేయంలోను, కండరాల్లోను పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. అది మొత్తం మీద అరకిలో దాకా ఉంటుంది, దానిలో ప్రతి గ్రామూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించిన తొలి రోజుల్లో ఈ నిల్వ కొంత ఖర్చయి, దానితో పాటు నీరు కూడా పోతుంది కాబట్టి అంకె చకచకా దిగుతుంది. అందువల్ల మొదట పోయిన 2.6 కిలోలూ కొవ్వే అనుకుని సంబరపడకూడదు, సిరిమాను మరునాడు పెరిగిన బరువును చూసి ఏడవనూ కూడదు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రోజూ తినే తిండికి పైన అంత అదనంగా ఒక్క పూటలో ఎవరు తినగలరు? మీలో చేరింది నీరు, పులిహోరలోను గారెల్లోను ఉన్న ఉప్పు పట్టి ఉంచిన నీరు. స్త్రీలకు నెలసరి ముందు రోజుల్లో కూడా ఇలాగే నీరు చేరుతుంది. పండుగ తిండికి చేరిన నీరు రెండు మూడు రోజుల్లో దానంతట అదే పోతుంది.

నేను చేసింది ఇది. రోజూ ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, మంచినీళ్ళు కూడా తాగకముందు, చాప మీద కాకుండా గచ్చు మీద పెట్టిన యంత్రంపై బరువు చూసుకుని నోటు పుస్తకంలో రాసేవాణ్ణి, కాని ఆ అంకె గురించి ఆ రోజు ఆలోచించేవాణ్ణి కాదు. ఏడు రోజుల అంకెలూ కూడి ఏడుతో భాగించి, వచ్చిన సగటును మాత్రమే కిందటి నెల సగటుతో పోల్చేవాణ్ణి. వారానికి 300 గ్రాముల కొవ్వు తగ్గే మనిషికి నీటి హెచ్చుతగ్గులు కిలో, కిలోన్నర ఉంటే, ఏ ఒక్క రోజు చూసినా నిజం కనిపించదు.

నాగావళి (శ్రీకాకుళం):

మాస్టారు నీటి గురించి చెప్పినది అక్షరాలా నిజం. అయితే నేను ఆసుపత్రిలో పోషకాహార విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి ఒక మాట విడమరచి చెప్పక తప్పదు. నీరు రెండు మూడు వారాల ఫలితాన్ని కప్పగలదు, ఎనిమిది వారాల ఫలితాన్ని మొత్తంగా కప్పలేదు. వారానికి 300 గ్రాముల చొప్పున తగ్గి ఉంటే ఈపాటికి రెండు కిలోలకు పైగా తేడా కనిపించాలి. చంపావతిగారూ, దీన్ని నిందగా తీసుకోకండి. మీరు తినేదీ ఖర్చు చేసేదీ ప్రస్తుతం సమానంగా ఉన్నాయని మాత్రమే దీని అర్థం. మీ కష్టం వృథా కాలేదు, ఎందుకంటే తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా ఎనిమిది వారాలు నిలబెట్టుకున్నారు.

మీ జాబితాలో నాకు కనబడనిది నూనె. మన వైపు ఇళ్ళలో దాన్ని ఎవరూ కొలవరు, చేతి అంచనాతో పోసేస్తారు. ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయితే తలకు రోజుకు సుమారు 270 కేలరీలు నూనె ద్వారానే వెళ్తున్నట్టు లెక్క. ప్యాకెట్టు విప్పిన తేదీని దాని మీదే రాసి, ఎన్ని రోజులు వచ్చిందో చూడండి. చోడి అంబలి చాలా మంచిది, మానవద్దు. కాని చోళ్ళకు, బియ్యానికి బరువుకు బరువు చూస్తే శక్తిలో పెద్ద తేడా లేదు కాబట్టి, చిరుధాన్యమనే ధైర్యంతో గ్లాసు మీద గ్లాసు తాగితే బరువు తగ్గదు. జీడిపప్పు మన జిల్లా పంటే, కాని 30 గ్రాముల గుప్పెడు 165 కేలరీల దాకా ఉంటుంది.

దయచేసి ఇంకా తక్కువ తినాలని మాత్రం అనుకోకండి. మరీ మాడితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, నీరసం వచ్చి నడక ఆగిపోతుంది. మాంసకృత్తులు ఉన్న పెసలు, ఉలవలు, గుడ్డు, చేప, వీటిలో మీకు అలవాటున్నవి కాస్త పెంచండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం వంటి కండకు పని చెప్పే వ్యాయామం వారానికి రెండు మూడు రోజులు చేయండి. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకోండి. దర్జీ టేపుతో నడుము కొలుచుకోండి. భారతీయ స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు, చక్కెర ముప్పు విషయంలో మొత్తం బరువు కంటే పొట్ట దగ్గర చేరిన కొవ్వే ఎక్కువ చెబుతుంది.

బారువ తీరం (సోంపేట):

నాగావళిగారు మాంసకృత్తులు పెంచమన్నారు, తిండి రూపంలో అది మంచి సలహాయే. కాని ఆ మాట వినగానే చాలామంది డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడి కొనేస్తున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. మాది ఉద్దానం. ఇక్కడ కారణం తేలని మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో అందరికీ తెలుసు. మా అన్నయ్య డయాలసిస్ మీద ఉన్నాడు. ఈ జబ్బు చాలాకాలం బయటకు ఏ లక్షణమూ చూపించదు, అది ఉన్నవారికి మాంసకృత్తులు మోతాదు మించితే చేటు. మా ప్రాంతంవారు గాని, ఇంట్లో ఆ జబ్బు ఉన్నవారు గాని ముందు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, డాక్టరును అడిగిన తరువాతే మార్పులు చేసుకోండి.

అక్కా, ఇక మీరు అడిగిన అసలు సంగతికి వస్తాను. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు పథ్యం మొదలుపెట్టింది చక్కెర కోసం, అమ్మ పడిన బాధ మీరు పడకూడదని. మధ్యలో వెయింగ్ మిషన్ వచ్చి ఆ కారణం స్థానంలో కూర్చుంది. మాస్టారి నోటు పుస్తకం పద్ధతి అంకెను చూసి చలించనివారికి సరిపోతుంది, దాని మీద నిలబడి ఏడ్చిన మీకు సరిపోదని నా అభిప్రాయం. ఒక నెల దాన్ని అటక మీద పెట్టేయండి. నడిచిన రోజున క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. బరువు తగ్గడం మన చేతిలో పూర్తిగా లేదు, రేపు తెల్లవారి గట్టు మీదకు వెళ్ళడం మాత్రం ఉంది. మళ్ళీ హెచ్‌బీఏ1సీ చూపించుకునే వేళ కూడా అవుతోంది కదా, అది దాదాపు మూడు నెలల సగటు చక్కెరను చెబుతుంది.

చంపావతి (విజయనగరం):

ఐదు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. నాగావళిగారూ, మా ఇంట్లో నలుగురం. నూనె నెలకు ఐదున్నర లీటర్లు అవుతోందని లెక్క తేలింది. ఆ అంకె చూసి మావారే నిర్ఘాంతపోయారు, ఇప్పుడు చెంచాతో కొలిచి పోస్తున్నది ఆయనే. పలాస నుంచి వచ్చే తోటి ఉపాధ్యాయిని స్టాఫ్ రూములో అందరికీ పంచే జీడిపప్పు నా లెక్కలో ఎన్నడూ లేదు. అది ఆప్యాయంగా పెట్టేది కాబట్టి వద్దనలేక, నాలుగు పలుకులు తీసుకుని ఊరుకుంటున్నాను.

తమ్ముడూ, మిషన్ అటక ఎక్కింది. నెల పూర్తయ్యాక దించి ఒక వారం మాస్టారు చెప్పినట్టు సగటు తీస్తే 74.7 వచ్చింది. నేను ప్రశ్న రాసిన నాడు 94 సెంటీమీటర్లున్న నడుము 91కి వచ్చింది. థైరాయిడ్, క్రియాటినిన్ రెండూ మామూలుగానే ఉన్నాయి. దీపావళి వెళ్ళాక చేయించుకున్న హెచ్‌బీఏ1సీ 5.8. ఆ కాగితం తీసుకుని నేరుగా అమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఫిబ్రవరిలో మళ్ళీ చేయించుకునే పరీక్షకు తనను కూడా వెంట తీసుకువెళ్ళమంది.